కంచరపాలెం స్టాపు

రాబోయే మెట్రో స్టేషన్‌కి వెళ్లే బస్సు ఎక్కడ ఆగాలో అక్కడివాళ్లని అడగడానికి, మెట్రో ఆఫీసు తరఫున కంచరపాలెం కమ్యూనిటీ హాల్లో బల్ల మీద మ్యాపు పరిచాను. ప్రతివాళ్లూ తమ వీధిలోనే ఆగాలన్నారు. పోర్టులో రిటైరైన గవర్రాజుగారు మాత్రం, "మెట్రోకి కిటికీలు తీత్తారేటమ్మా?" అన్నారు.

"తియ్యరండీ, ఏసీ కదా."

"మరి కిటికీలోంచి కర్చీఫ్ ఏసి సీటు ఆపుకోడం ఎలాగ?"

నాకు ఒళ్లు మండింది. స్టాపు సంగతి అడిగితే ఈయనకి సీటు గొడవ! "ముందు బస్సు ఎక్కడ ఆగాలో తేల్చండి," అనేసి టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి అందరూ ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. మ్యాపు మీద, గవర్రాజుగారి వీధి మొగలో, మడతపెట్టిన కర్చీఫ్ ఒకటి ఉంది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని నిమ్మళంగా కూర్చున్నారు.

"నాను ముందే ఏసీసినానమ్మా."