చక్రం వెనక రాయి

కంభంలో ఆ ఇంటికి తెల్లారగానే ఎవరో ఒకరు రాయి కోసం వస్తారు. పాలు పితికేదాకా మేకను నిలబెట్టడానికి ఒకరు, మంచం మీంచి చంటిపిల్ల దొర్లకుండా పక్కన పెట్టుకోవడానికి ఇంకొకరు. వెనకింటి పోలమ్మ అయితే మొగుడి కోసం పట్టుకుపోతుంది. సాయంత్రమయ్యేసరికి బ్రాందీ షాపు వైపు లేచే ఆ మనిషి, కాలి దగ్గర రాయి పెడితే తిట్టుకుంటూ మంచంలోనే ఉంటాడు. పొద్దున్నే రాయి కడిగి, పసుపు రాసి తెచ్చి ఇస్తుంది.

వాకిట్లో గోడవారగా పేర్చిన ఆ రాళ్ళన్నీ లారీ డ్రైవర్ యల్లయ్య రోడ్డు మీంచి ఏరుకొచ్చినవి. ఆయన పోయి ఏడాదవుతున్నా వాటి పట్టు సడలలేదు. ఇచ్చేటప్పుడు మనవరాలు గోపిక, తాత చెప్పే మాటే చెబుతుంది.

"పెట్టిన చేత్తోనే తియ్యాల పోలమ్మక్కా. ఇంకొకరు తీస్తే రాదు."

గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు బరువు బండి ఆగిపోతే, వెనక్కి జారకుండా క్లీనరు దిగి చక్రం వెనక రాయి పెడతాడు. బండి కదిలాక ఆ రాయి తీసి పక్కన పడెయ్యాలి. చాలామంది తియ్యరు. ఎత్తు మీద దిగి ఎక్కాలంటే బద్ధకం. గోపిక చంటిపిల్లగా ఉన్నప్పుడు, అట్లా ఎవరో వదిలేసిపోయిన రాయి మీదికి వాళ్ళ నాన్న మధుసూదన్ మోటార్ సైకిలు ఎక్కింది. వెనక కూర్చున్న పెళ్ళాం గౌరి అక్కడికక్కడే పోయింది. ఆమె ఒళ్ళోని గోపిక ఎగిరి గడ్డిలో పడి బతికింది.

గౌరి యల్లయ్య కూతురు. ఆ రాయి ఏ లారీదో ఎవరికీ తెలియలేదు. మధుసూదన్ మాత్రం పాడె దగ్గరే మామ మొహం మీద అన్నాడు: "మీ లారీవాళ్ళ రాయే చంపింది నా పెళ్ళాన్ని. ఈ పిల్లను కూడా మీరే ఉంచుకోండి." పిల్లను ఆయన చేతుల్లో పడేసి పోయి, ముండ్లమూరులో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

యల్లయ్య పిల్లను భుజానికెత్తుకున్నాడు. దూరం లోడ్లు మానేశాడు. మార్కాపురం పలకల రాయి, గిద్దలూరు వెదురు, ఏదైనా సరే సాయంత్రానికి ఇల్లు చేరే బాడుగే. దారిలో ఎక్కడ రాయి కనబడినా బండి ఆపి, "చెన్నకేశవా" అంటూ దిగి, ఎత్తి క్యాబిన్‌లో వేసుకునేవాడు. వెనక బండ్లవాళ్ళు హారన్ నొక్కి బూతులు తిట్టేవాళ్ళు. పాలసీసాతో సహా గోపికను పక్కసీట్లో పడుకోబెట్టుకుని, పడిపోకుండా ఒక రాయి ఆనించేవాడు. ఘాట్ మలుపుల్లో లారీ ఊగేది గాని పిల్ల ఊగేది కాదు. రాళ్ళ సంగతి ఊరికి తెలిసింది అప్పుడే. ఆ తర్వాత అదీ ఒక సామాను అయిపోయింది, రోకలిలాగా, చేటలాగా.

ఆయన భార్య కొండమ్మకు మాత్రం ఆ పిల్లను చూస్తే మంట. జడ వేస్తూ కూడా జుట్టు పట్టి గుంజేది. "నా కూతుర్ని మింగి వచ్చినావు. నా మొగుడి బతుకంతా మార్కాపురానికీ కంభానికీ మధ్యనే తిప్పినావు. ఇంకెవర్ని మింగాలని చూస్తున్నావే?" అనేది. గోపిక పద్దెనిమిదేళ్ళూ ఆ మాటల మధ్యే పెరిగింది. ఇప్పుడు రోజూ రైలెక్కి మార్కాపురం పోయి నర్సింగు చదువుతోంది. చేర్పించింది తాతే.

ఆయన పోయిన రోజు ఆమెకు కళ్ళకు కట్టినట్టు ఉంది. లారీ తెచ్చి ఇంటి ముందు వాలులో ఆపాడు. చొక్కా తడిసిపోయి ఉంది. స్టీరింగ్ మీద తల వాల్చి, "నాకు దిగబుద్ధి కావడంల్యా. నువ్వు పెట్టు తల్లీ రాయి" అన్నాడు. ఆమె వెనక చక్రానికి రాయి పెట్టింది. ఆయన మెల్లగా దిగి, లోపలికొచ్చి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ రాయి యల్లయ్యే పెట్టుకుని పోయాడని అందరూ అనుకున్నారు. గోపికను ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయినవాళ్ళ వస్తువు సంవత్సరీకం దాకా కదపకూడదు కాబట్టి లారీ అక్కడే ఉండిపోయింది.

సంవత్సరీకం నాడు, ఇస్తరాకులు ఎత్తీ ఎత్తకముందే యల్లయ్య కొడుకు సురేంద్ర లేచి చెయ్యి తుడుచుకున్నాడు. మార్కాపురంలో కాపురముంటాడు. అన్నీ ముందే మాట్లాడి పెట్టుకొచ్చాడు. పాత సామాను యాకోబు లారీని తోలుకుపోతాడు. ఇంటికి తాళం పడుతుంది. అమ్మ తన దగ్గరికి వస్తుంది. గోపికను తీసుకుపోవడానికి మధుసూదన్ కారు తెచ్చి వీధిలో పెట్టుకుని ఉన్నాడు.

"మామా, పరీక్షలు ఉన్నాయి. చదువు అయ్యేదాకా ఈడనే ఉంటా. వంట చేసుకుంటా, అవ్వను చూసుకుంటా" అంది గోపిక.

"నిన్ను కాపలా కాసేదానికి నాకేం పనిల్యా? కన్నోడు వచ్చినాడు, పో."

మధుసూదన్ మెటికలు విరుచుకుంటూ నవ్వాడు. "మా అమ్మ మంచాన పడింది. ఎత్తిపొయ్యనీకె మనిషి లేదు. నర్సు చదువంట గదా, ఆ చదువేందో ఇంట్లోనే చదువుకోనీ."

గోపిక అవ్వ వైపు చూసింది. కొండమ్మ అంట్లగిన్నెలు ఎత్తుకుని ఇవతలికి చూడకుండా పోయింది.

వీధిలో యాకోబు మనుషులు లారీకి ట్రాక్టరు కట్టి లాగారు. లారీ కదల్లేదు. గడ్డపార తెచ్చి రాయి పెళ్ళగించబోయారు. గడ్డపార వంగింది. ఇంకోసారి లాగేసరికి గొలుసు తెగి, ఒకడి చెవి పక్కనుంచి పోయింది.

యాకోబుకు ఒళ్ళు మండింది. "ఏంది సురేంద్రా, రాయి యల్లయ్యది అని ముందే చెప్పాల గదా. నా గొలుసు పాయె. పెట్టినోళ్ళని పిలిచి తీపించు."

"పెట్టినోడు పోయి ఏడాది. యాడ నుంచి పిల్సుకొచ్చేది? సచ్చి కూడా సాధిస్తున్నాడు ముసలోడు!"

తాతను అంత మాట అన్నాక గోపిక ఇక నిలబడలేదు. మెట్లు దిగి లారీ దగ్గరికి నడిచింది.

"తప్పుకోండి. నేను తీస్తా."

"నువ్వెవతివే తీసేదానికి?"

"పెట్టింది నేనే మామా. తాత చేత గాక నాతో పెట్టించినాడు."

వంగి రాయిని రెండు చేతులతో ఎత్తింది. జామకాయ కోసినంత సులువుగా వచ్చింది. లారీ ఒక్కసారి మూలిగి, వాలులో నాలుగడుగులు వెనక్కి జారి ట్రాక్టరుకు ఆనుకుంది. యాకోబు మనుషులు కేకలేస్తూ ఎగబడ్డారు. అద్దం మీద తాత అతికించిన చెన్నకేశవస్వామి పటాన్ని గోపిక కళ్ళకద్దుకోలేకపోయింది, చేతుల్లో రాయి ఉంది. ఆ రాయితోనే ఇంటి మెట్లెక్కి, గడప మీద కూర్చుని, కుడి మడమ వెనక పెట్టుకుంది.

మధుసూదన్ వచ్చి జబ్బ పట్టి లాగాడు. ఆమె కదల్లేదు. రెండు చేతులూ పట్టి గుంజాడు. అతని చెప్పులు జారాయి గాని ఆమె పావడా అంచు కూడా చెదరలేదు.

"తియ్యి రాయి" అన్నాడు రొప్పుతూ.

"తియ్యను."

"నీయమ్మను చంపింది ఇట్లాంటి రాయే. తెలుసా నీకు?"

"తెలుసు. దాన్ని రోడ్డు మీద వదిలేసినోడు ఎవరో తెలీదు. వదిలేసిన పిల్లను ఎత్తుకున్నోడు మాత్రం తెలుసు."

అప్పుడు కొండమ్మ లోపల్నించి చెంబు పట్టుకుని వచ్చింది. "గడప మీద కూర్చుంటావంటే దరిద్రపుదానా! సంవత్సరీకం నాడు ఇంటికి అరిష్టం పట్టిస్తావా? లోపలికి జరుగు!"

జరగాలంటే రాయి ఎత్తాలి. మధుసూదన్ అందుకోసమే ఎదురుచూస్తూ చెయ్యి చాచాడు. ముసలామె ఆ చేతికీ పిల్లకూ మధ్య గుమ్మం నిండుగా నిలబడి, చెంబులో నీళ్ళు తాపీగా అతని కాళ్ళ మీద పోసింది. "పక్కకు నిలబడు నాయనా, గడప కడుక్కోవాల." ఈలోపల గోపిక లోపలికి జరిగి, రాయి మళ్ళీ పెట్టుకుంది.

సురేంద్ర తాళంకప్ప పైకెత్తి ఊపాడు. "దాన్ని లోపలేసి తాళం వేస్తా. ఏం చేస్తుందో సూస్తా."

"నన్ను కూడా లోపలేసి వెయ్యి. ఇల్లు నా పేరున ఉంది. మీ నాయన సంవత్సరీకం నాడు అమ్మకు తాళం వేసినాడని మార్కాపురమంతా చెప్పుకుంటారు" అంది కొండమ్మ.

సురేంద్ర బూతు మాట ఒకటి నేలకేసి అన్నాడు. లారీ పోయింది. కారూ పోయింది. వాకిట్లో నూనె మరక మిగిలింది. కొండమ్మ దాని మీద బూడిద చల్లుతూ, "నీ మొహం చూసి ఉన్నాననుకోవాకు. ఆ కోడలి చేతి కూడు నేను తినలేను" అంది.

మరుసటి పొద్దున గోపిక రాయి తీసి గడప పక్కన ఉంచి, రైలుకు పోయింది. సాయంత్రం వచ్చేసరికి అది గుమ్మం లోపల, తెరిచిన తలుపుకు ఆనించి ఉంది. ఊడవడానికి జరపబోయింది. రాలేదు. చీపురు పక్కన పెట్టి రెండు చేతులతో పట్టింది. అయినా రాలేదు.

"అవ్వా, ఈ రాయి ఎవరు పెట్టినారు?"

పొయ్యి దగ్గర్నించి కొండమ్మ కసిరింది. "నేనే పెట్టినా. ఏం, నీకేమన్నా అడ్డమా? దాని సుట్టూ ఊడువు."