కుడి ముందు చక్రం

సాలూరులో తెల్లారితే ముందు వినిపించేది కోడికూత కాదు, టైర్ల మీద ఇనపరాడ్డు దెబ్బ. డ్రైవర్లు గాలి చూసుకునేది అలాగే. సూరయ్య మాత్రం లారీ టైర్లయ్యాక కుడికాలి పట్టీ కూడా విప్పి చూసుకునేవాడు. ఎనిమిది నెలలుగా అదే వరస.

సూరయ్యంటే సామాన్యుడా! బ్రేకులు పోయిన లారీని, నోట్లో బీడీ ఆరకుండా సుంకి ఘాటీ కొండదారంతా దింపిన మొనగాడు. ఎదురొచ్చిన పులి పక్కకి తప్పుకుని దారిచ్చిందట. పులి కూడా ఇంతవరకూ కాదనలేదు. షుగరుతో పాదం మొద్దుబారి, జానెడు మేకు దిగినా తెలియక, రాయపూరు పోయి తిరిగొచ్చాడు. అదీ ఘనకార్యమేనని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మేకు చేసిన పుండే ఇది. నెలాఖరుకి తగ్గుముఖం పట్టకపోతే సగం పాదం తీసేస్తామని డాక్టరు తేదీ రాసిచ్చాడు.

కట్టు కట్టడానికి ఇంటికొచ్చే నర్సు మెర్సీకి విసుగు నెత్తికెక్కింది. రసి పీల్చుకునే స్పాంజిలాంటి పట్టీ, అందులో వెండి మందు. అంత మంచి పట్టీ వేస్తే రెండోరోజుకే పీకేశాడు.

"మావా, ఇది టైరు కాదు, పొద్దున్నే సూసుకోడానికి! అయిదురోజులు మూసుంచితేనే కండ పడతాది."

"గాలి తగలకుండా పుండు మాన్తాదేటే?"

"లోకానికంతా మాన్తాది. నీకే మానదు."

ఈసారి భార్య భాగ్యవతి మంచం పక్కనే కాపలా కూర్చుంది. అయిదోరోజు మెర్సీ పట్టీ ఎత్తింది. పుండులో ఎప్పటిలాగే ఘాటీ కంకర, ఎర్రదుమ్ము.

"మళ్లీ నడిసినావా?"

"ఒట్టే! మీ అత్తనడుగు."

"కాలు నేలకాననియ్యలేదే," అంది భాగ్యవతి. "లారీ కుడి ముందు సక్రం తిరుగుతన్నాది కదా. మా తమ్ముడు ప్రదీపు రోజూ ఘాటీ ఎక్కిస్తన్నాడు."

మెర్సీ పటకారు పళ్లెంలో పడేసింది. "ఆ మాట ముందే సెప్పాల కదత్తా! ఇన్ని పట్టీలు దండగైపోనాయి."

"నువ్వడిగినావేటి?"

"ఐతే బండి ఆపాల."

"నా బండా?" సూరయ్య లేచి కూర్చున్నాడు. "హుద్‌హుద్ తుపానుకే ఆగనేదు!"

"ఐతే తీసేసిన కాలితోనే ఆక్సిలేటరు నొక్కుదువుగాని!" చేతితొడుగులు విసిరికొట్టి మెర్సీ వెళ్లిపోయింది.

పగలంతా సూరయ్య గోడకేసి చూస్తూ పడుకున్నాడు. పొద్దుగూకే వేళకి ఘాటీ దిగొచ్చిన బామ్మర్దిని పిలిచాడు. "ఒరే ప్రదీపూ, జాకీలెట్టు. ఏ సక్రమూ నేలకి తగలకూడదు."

లారీ చెక్కదిమ్మల మీద, కాలు రెండు దిళ్ల మీద. మెర్సీ మళ్లీ వచ్చి కొత్త పట్టీ వేసింది. అయిదోరోజు విప్పితే కంకర లేదు. అంచున ఆవగింజంత గులాబీ కండ. నెలాఖరున డాక్టరు పుండు కొలిచి, రాసిన తేదీ కొట్టేశాడు. మూడోనెలకి తోలు మూసుకుంది.

లారీ దింపిన పొద్దున చూస్తే, బోడిగా అరిగిన కుడి ముందు టైరుకి కొత్త రబ్బరు మొలిచి, గాడులు తేలి ఉన్నాయి. సూరయ్య అలవాటుగా రాడ్డుతో ఒకటి వేశాడు.

"అమ్మోయ్!" కుడిపాదం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

మెర్సీ పరుగెత్తుకొచ్చింది. "నొప్పేటి మావా?"

"నొప్పేనే!" కళ్లనీళ్లతో నవ్వుతూ రాడ్డు ఆమె చేతికిచ్చాడు. "ఇంకోపాలి కొట్టు."