పాటలో మా మామగారు

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. మా మామగారు రచ్చ గెలిచి వచ్చి ఇంట్లో ఓడిపోయిన మనిషి. ఆ ఇంటి కోడలిగా అంతా దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను, నేను ఆయన పక్షమే. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక వాద్యబృందంలో బేస్ గిటారు వాయించేవారు. నాలుగు లావుపాటి తీగలు, పాట అడుగున నడిచే స్వరం. విన్నవాళ్లు గొంతు బాగుందంటారు, వయొలిన్ బాగుందంటారు. బేస్ బాగుందన్న పుణ్యాత్ముడు మాత్రం ఇంకా పుట్టలేదు. ఆయన దానికి బాధపడరు. "ఇల్లు చూసినవాళ్లు పునాది బాగుందంటారా అమ్మా?" అని నవ్వేస్తారు.

ఆ బృందం రికార్డు చేసిన పాట ఒకటి మా దగ్గరుంది. దాని వెనక కథ కూడా ఉంది. దొరికిన ప్రతివాళ్లకీ మామగారు చెప్పే కథే. రికార్డింగు జరుగుతుండగా గాయని స్నేహితురాలు, బయట ఎర్రదీపం వెలుగుతోందని కూడా చూసుకోకుండా, ఆ బరువైన తలుపు తోసుకుని లోపలికి వచ్చేసిందట. అప్పటికి మూడో చరణం నడుస్తోంది. ఆమెను చూడగానే మామగారి వేళ్లు ఆగిపోయాయట. అంత బాగా మళ్లీ పాడలేనని గాయని అనడంతో, బేస్ ఆగినా ఆ రికార్డింగునే ఉంచేశారట. ఆ వచ్చిన మనిషే మా అత్తగారు.

"తలుపు తీసిన మాట నిజమే. ఈయన ఆగిపోవడం మాత్రం ఒట్టి కోతలు," అంటుంది అత్తయ్య. "ఎన్నిసార్లు వినలేదు నేను! పాట ఎక్కడా ఆగదే!"

మొన్నొక ఆదివారం మా ఆడబిడ్డా, ఆమె భర్తా భోజనానికి వచ్చారు. మావారు కొత్తగా తీర్చిదిద్దుకున్న పాటల గదిలోకి అందరినీ తీసుకెళ్లి అదే పాట పెట్టారు. ఆ గది ఆయనకు ప్రాణం. నేల నిండా తివాచీ, గోడవారగా నిలువెత్తు స్పీకర్లు రెండు, బేస్ కోసం విడిగా ఒక పెట్టె, గదికి నట్టనడుమ సోఫా. పాట అయిపోయింది. ఇంటల్లుడు ఊరుకుంటాడా!

"మామయ్యగారూ, డ్రమ్ములున్నాయి, గొంతుంది, మీ గిటారేదీ? ఆగిపోయింది మూడో చరణంలో కాదేమో, అసలు మొదలే పెట్టలేదేమో!"

అందరూ పగలబడి నవ్వారు. అత్తయ్యా నవ్వింది. కాసేపాగి మామగారు కూడా నవ్వారు. మర్నాడు పొద్దున గిటారు చప్పుడు వినపడలేదు. చూద్దును కదా, రోజూ వాయించే ఆ గిటారు సంచీలోకి దూరి బీరువా మీదికెక్కి కూర్చుంది. వారం గడిచినా కిందికి దిగలేదు. ఆయన కథ చెప్పడం కూడా మానేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మావారిని పట్టుకుని దులిపేశాను.

"ఇంత గది చేశారు, ఇన్ని పెట్టెలు పెట్టారు. కన్నతండ్రి వాయించింది వినపడని గది ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే!"

"పాత రికార్డింగు కదే. అందులో బేస్ లేదేమో."

"ఆ ముక్క వెళ్లి మీ నాన్న మొహం మీద చెప్పండి, చూద్దాం."

మావారు లేచి గదిలోకి నడిచారు. పని మొదలైంది.

ముందు సౌండు పెంచారు. కిటికీ అద్దాలు గడగడలాడాయి, పక్కింటాయన గోడ బాదాడు, మామగారు మాత్రం పాటలోకి రాలేదు. తర్వాత బేస్ పెట్టెను మూలకు నెట్టారు. మూలన పెడితే ఎక్కువ వస్తుందట. వచ్చింది. ఏ తీగ మీటినా ఒకటే 'గూం'. ఖాళీ పీపాలో తలపెట్టి మాట్లాడినట్టుంది. ఆ గోల భరించలేక మామగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఒరేయ్, నేను మరీ అంత ఘోరంగా వాయించలేదురా!"

మావారు తల గోక్కున్నారు. "ఒక పద్ధతుంది నాన్నా. పెట్టెను తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టాలి. మనిషి నేలమీద పాకుతూ వినాలి. ఎక్కడ ప్రతి స్వరమూ సమానంగా వినపడితే అక్కడ పెట్టె పెట్టాలి, అప్పుడు సోఫాలో కూర్చున్నవాళ్లకీ అలాగే వినపడుతుంది."

"మరి పాకలేదేం?" అన్నాను.

"ఏ స్వరం ఎంత ఉండాలో నాకేం తెలుసు? వాయించింది నాన్న కదా!"

మామగారు గది అంతా ఒకసారి చూశారు. "అది సరే, ఈ సోఫా నట్టనడుమ ఎందుకుందిరా?"

"చూడ్డానికి బాగుంటుందని..." మావారు నీళ్లు నమిలారు. "నిజానికి బేస్ గోడల దగ్గర పోగుపడి మధ్యలో చచ్చిపోతుందని చదివాను."

"చదివి కూడానా!" అని నేను సోఫాకు ఒక పక్క చెయ్యి వేశాను. ముగ్గురం కలిసి దాన్ని వెనక్కి జరిపి, పెట్టెను మహారాజులా అందులో కూర్చోబెట్టి పాట పెట్టాం.

మామగారు కళ్లజోడు తీసి నా చేతికిచ్చి మోకాళ్ల మీదికి వంగారు. ఆ మోకాళ్ల నొప్పులు నాకు తెలుసు, మెట్లెక్కినప్పుడల్లా అమ్మా అంటారు. ఇప్పుడు మాత్రం కిక్కురుమనలేదు. కళ్లు మూసుకుని, గోడ వెంబడి, నేలకు చెవి వంచి పాకుతున్నారు. "ఇక్కడ లావుతీగ ఒక్కటే అరుస్తోంది." ఇంకొంచెం. "ఇక్కడ మూడో తీగ జారిపోతోంది." ఒక పక్క తివాచీ మీద ఆయన వేళ్లు పాటతోపాటు కదులుతూనే ఉన్నాయి. ఏళ్ల కిందట వాయించిన ప్రతి స్వరమూ ఆయన వేళ్లకు గుర్తుంది. ఎంత మనిషండీ! నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

వంటింట్లోంచి అత్తయ్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఇదేం విడ్డూరం! ఈ వయసులో ఆ పాకడమేమిటండీ!"

ఆయన వినిపించుకోలేదు. పుస్తకాల బీరువా పక్కకు వెళ్లి ఆగారు. కదలరు. ముందు భయమేసింది. తర్వాత చూస్తే ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇక్కడున్నాను," అన్నారు.

పెట్టెను తీసుకొచ్చి సరిగ్గా అక్కడే దించాం. మావారు స్పీకర్లను గోడనుంచి మూరెడు ముందుకు లాగారు. నేను అత్తయ్యను రెక్క పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టాను. గరిటె ఆవిడ చేతిలోనే ఉంది.

పాట మొదలైంది. గొంతు కింద, డ్రమ్ముల కింద, తీరిగ్గా అడుగులేసుకుంటూ మామగారు నడుస్తున్నారు. ఇన్నాళ్లూ ఈయన్నా లేరన్నది! మూడో చరణం వచ్చింది. ధబ్బున, ఎక్కడో లోపల, బరువైన తలుపు పడింది. ఆ చప్పుడు మేమెవరమూ ఇంతకుముందు వినలేదు. మరుక్షణం ఆ అడుగులు ఆగిపోయాయి. గొంతు పాడుతూనే ఉంది, డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి, వాటి కింద ఏమీ లేదు. కాసేపటికి తడబడుతూ రెండు స్వరాలు పలికాయి, ఆ తర్వాత అడుగులు మళ్లీ నడక అందుకున్నాయి.

"మళ్లీ పెట్టు నాన్నా," అంది అత్తయ్య కొడుకుతో. మావారు పెట్టారు. మళ్లీ తలుపు. మళ్లీ ఆగడం. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"నిజంగానే ఆగిపోయారే! ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నారు కదండీ. నేనే నమ్మలేదు. మొన్న అందరితోపాటు నవ్వాను కూడా."

"నీ తప్పేముందే," అన్నారు మామగారు మోకాళ్లు నిమురుకుంటూ. "సోఫా నట్టనడుమ ఉంది."

అత్తయ్య లేచి గరిటె నా చేతిలో పెట్టింది. తనే స్టూలు లాక్కుని బీరువా మీది సంచీ దించి, కొంగుతో దుమ్ము తుడిచి, గిటారు తీసి ఆయన ఒళ్లో పెట్టింది. "ఆ రోజు నా మొహం చూసి వదిలేసిన ముక్క ఇప్పుడు వాయించండి. నేను వినాలి," అని ఎదురుగా కూర్చుంది.

మామగారు శ్రుతి చూసుకుని మూడో చరణం అందుకున్నారు. బాగానే నడిచింది. సగంలో తలెత్తి ఆవిడ మొహం చూశారు. మళ్లీ ఆగిపోయారు.