ఎవరి పోలిక

మూడోసారి టీ పెడుతోంది చిట్టితల్లి. హాల్లో కూర్చున్నవాళ్ళు తేలుస్తున్నది తన కూతురి బతుకే అయినా, వాళ్ళ గొంతులు తడపాల్సింది మాత్రం తనే కదా! "అల్లం దంచి ఎయ్యి, తలనొప్పిగున్నాది" అని మొగుడు మంగరాజు కేకేశాడు. ఈ ఇంట్లో తలనొప్పి ఆయనొక్కడికే వస్తుంది మరి.

నిన్న కోటవురట్ల సంబంధం వాళ్ళు ముహూర్తాల మాట ఎత్తగానే కూతురు సాయిలక్ష్మి, తండ్రి ఎదుట నిలబడి చెప్పేసింది. మగవాళ్ళ మీద తనకు ఎప్పుడూ మనసు పోలేదని, తనతో పాటు సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే నాతవరం అమ్మాయంటేనే ఇష్టమని, బతికితే ఆమెతోనే బతుకుతానని. మంగరాజు పిల్ల ఫోన్ లాక్కుని, గదిలోకి తోసి గడియ పెట్టాడు. తెల్లారగానే అక్క వరలక్ష్మమ్మను పిలిపించాడు.

"ఇది పుట్టుకతో వచ్చినదేరా తమ్ముడూ. కడుపుతో ఉన్నప్పుడు నీ పెళ్ళాం ఏటి తిన్నాదో, ఏటి సూసిందో" అంటోంది ఆవిడ.

"కాదక్కా, నేర్సుకున్నాదే. యలమంచిలి హాస్టల్లో ఎయ్యొద్దు మొర్రో అన్నాను. దాని తల్లే ఎనకేసుకొచ్చి ఏయించింది."

పుట్టుకదైతే తన కడుపుది తప్పు. నేర్చుకున్నదైతే తన పెంపకానిది తప్పు. అదే పిల్ల పదో తరగతిలో స్కూల్ ఫస్టొచ్చినప్పుడు 'అచ్చం మా పోలికే' అంటూ ఈ వదినగారే వీధంతా మిఠాయి పంచింది. పుట్టుకదైతే విశాఖపట్నంలో ఎవరో డాక్టరు కరెంటు పెట్టి బాగు చేస్తాడట. నేర్చుకున్నదైతే మూడు ముళ్ళు పడగానే అన్నీ మరిచిపోతుందట. గదిలో ఏడుస్తున్నదాన్ని నీకేం కావాలే అని అడిగే దిక్కు లేదు. తలుపు దగ్గరకు వెళ్ళబోతే మంగరాజు ఒక్క చూపు చూశాడు, చిట్టితల్లి మళ్ళీ పొయ్యి దగ్గరకే వచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది.

మూడు ముళ్ళు పడితే మనసు మారుతుందా? తన పెళ్ళప్పుడు అమ్మ కూడా అదే అంది, 'ఇష్టం దానంతటదే వస్తాదిలే' అని. మంగరాజు చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు. అందుకే, ఆయన మీద ఇష్టం రాలేదని మరీ సిగ్గుపడి మనస్ఫూర్తిగా ప్రయత్నించింది. ఆయనకు నచ్చినవే వండింది, నచ్చిన రంగు చీరలే కట్టింది. పిల్ల పుడితే వస్తుందనుకుంది, ఇల్లు కట్టుకుంటే వస్తుందనుకుంది. ఆయన దగ్గరకు తీసుకున్నప్పుడల్లా ఇప్పటికీ కళ్ళు మూసుకుని, పొద్దున్నే పప్పు నానబెట్టాలి, పాలవాడికి చెప్పాలి అనుకుంటూ పడుకుంటుంది. ఈ సంగతి పుట్టింట్లోనూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

టీ అందిస్తుంటే మంగరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కన్నదానివి నువ్వే, పెంచినదానివీ నువ్వే. ఇయ్యాల తేలిపోవాల. పుట్టుకతోనే ఇలగున్నాదా, నేర్సుకున్నాదా?"

ఏది చెప్పినా పిల్లను తన చేతులతో తనే అప్పగించినట్టు. గదిలో ఏడుపు ఆగింది. అమ్మ ఏం చెబుతుందోనని వింటున్నట్టుంది. చిట్టితల్లి గ్లాసు కింద పెట్టింది.

"పుట్టుకతో వచ్చిందో లేదో నాకు తెల్దు. నేర్సుకుంటే మాత్రం రాదండీ. మీ మీద ఇష్టం నేర్సుకుందామని ఇన్నేళ్ళూ సూసినాను."