తుడిచేసిన ఆట

చీమ చిటుక్కుమన్నా గుండె చేత్తో పట్టుకునే మనిషి ఆమె. అలాంటి తల్లికి, ఎప్పుడో తయారీ ఆపేసిన వీడియోగేమ్ పెట్టె కోసం ఇంట్లో కూర్చుని కొత్త ఆటలు అల్లే కూతురు పుట్టింది.

"చేసినవాళ్లే దాన్ని వదిలేశారు కదే, నువ్వెందుకే పట్టుకు వేలాడతావు?" అని తల్లి అంటే, "వాళ్లు వదిలేశారు కాబట్టే, అమ్మా" అని నవ్వేది కూతురు.

ఆటను చిప్పుల్లోకి ఎక్కించేది. చిప్పు నడుమ చిన్న గాజు కిటికీ, వెలుతురు తగలకుండా దానిమీద కాగితం ముక్క. ఆట వద్దనుకుంటే కాగితం పీకి, నీలిదీపం ఉన్న పెట్టెలో పెట్టేది. "ఇందులో కాసేపు పడుకుందంటే దీనికి పూర్వజన్మ కూడా గుర్తుండదు" అనేది.

ఆ ఉదయం కూతురు ఫోనులో ఎవరితోనో అంటున్న మాట తల్లి చెవిన పడింది. "లైసెన్సా? మనకెక్కడిది? కంపెనీకి చెప్పనే లేదు." ఆ మాట అని, నవ్వుకుంటూ చెప్పులేసుకుని బయటికి వెళ్లింది.

తల్లి గబగబా వెళ్లి తలుపు గడియ వేసింది. కిటికీలోంచి చూస్తే కింద యూనిఫారాల్లో ఇద్దరు, మెడలెత్తి తమ అంతస్తువైపే చూస్తున్నారు. ఇంకేముంది, కొంప మునిగిందనుకుంది. కూతురి బల్లమీద రేకుడబ్బాలో రెండు చిప్పులు స్పాంజిలో గుచ్చి ఉన్నాయి. ఇంత భద్రంగా దాచిందంటే అసలు దొంగసొత్తు ఇదేనన్నమాట. గోళ్లతో కాగితాలు పీకి, నీలిదీపం కింద పెట్టి, మీట నొక్కింది. గిన్నెలన్నీ తోమేదాకా ఆపలేదు.

ఆ ఇద్దరూ లిఫ్టు బాగుచేసి వెళ్లిపోయారు.

కూతురు రాగానే తల్లి కాస్త గర్వంగానే చెప్పింది. "భయపడకు. అంతా శుభ్రంగా తుడిచేశాను."

కూతురు నీలిదీపం పెట్టె మూత తీసి చూసి, కుర్చీలో కూలబడింది.

"అవి నావి కాదమ్మా. గడియారాలు బాగుచేసే ఆయనవి. మొన్నీమధ్యే పోయాడు. కొట్టు కట్టేశాక ఒక్కడే కూర్చుని చేసుకున్న ఆట అది. ఇంకో నకలు లేదు. ఒకటి తీసిపెడతానని వాళ్లావిడ దగ్గర్నుంచి తెచ్చాను. అందుకు కావలసిన వైరు కొనడానికే ఇప్పుడు వెళ్లింది."

"పోలీసులొస్తారేమోనని..."

"ఎవరికీ పట్టని పెట్టెకి పోలీసులెందుకమ్మా? నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది?"

అరిచినా బాగుండేది. కూతురు అరవలేదు. ఫోను తీసి ఆయన భార్యకు చేసింది.

"పిన్నిగారూ, పొరపాటు జరిగింది. మీ చిప్పుల్ని నేను చూసుకోకుండా..."

తల్లికి తల తీసేసినట్లయింది. తప్పు చేసిందెవరు, తలవంచుతున్నదెవరు? చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"నేనమ్మా, దాని తల్లిని. ఆట తుడిచేసింది నేను. దానికేమీ తెలియదు."

"తుడిచేశారా? ఎందుకమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడుగుతోంది, అంతే. చెయ్యి తగిలిందని అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎదురుగా కూతురు చూస్తోంది.

"దొంగసొత్తనుకున్నానమ్మా."



"ఆయన ఒక్క స్క్రూ మార్చినా, గడియారం తెచ్చినవాళ్లకి చెప్పేగానీ మార్చేవాడు కాదు" అని, ఆవిడ మెల్లగా పెట్టేసింది.

ఫోను మూగబోయినా తల్లి దాన్ని చెవి దగ్గర్నుంచి దించలేదు. దించితే కూతురి మొహం చూడాలి.