మొదటి నాడె

మా మరదలంటే నాకు కుళ్ళు. దాచుకోవడం నా చేత కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఈ బట్టల మిల్లు మా తాతయ్య పెట్టింది. చుట్టూ ఉన్న వరస ఇళ్ళు, బడి, ఆసుపత్రి, వీధి కుళాయిలు అన్నీ ఆయన కట్టించినవే. మిల్లు పుట్టాకే ఈ ఊరు పుట్టింది. అంత ఇంటి ఆడపిల్లనైన నన్ను మాత్రం నాన్న గేటు దగ్గరే ఆపేసేవారు. "యజమాని కూతురివి, షెడ్డులో నీకేం పనమ్మా" అనేవారు. తమ్ముడికి మిల్లు పేరెత్తితేనే తలనొప్పి, వాడి కెమెరాల గొడవ వాడిది. మరి వాడి పెళ్ళాం? కాపురానికొచ్చిన ఏడాదే షెడ్డులో దూరింది. "మామయ్యా, ఇదేంటి? మామయ్యా, అదెందుకు?" అంటూ నాన్న వెనకాలే తిరిగింది. ఆయన మురిసిపోయి దగ్గరుండి అన్నీ నేర్పారు. నా కడుపు మండదూ?

నాన్నకి ఓపిక తగ్గింది. తాళాలు కోడలికే ఇస్తారని ఊరంతా అనుకుంటుంటే నేను అడ్డం పడ్డాను, నేనూ ఉన్నానని. మా ఇంట్లో ఒక పద్ధతుంది. మిల్లు తాళాలు తీసుకునేవాళ్ళు పనివాళ్ళందరి ముందూ మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారపు కండె పెట్టి, దాని కన్నంలోంచి పోగు బయటికి తీసి, మగ్గం నడిపించి చూపించాలి.

"సరే, ఇద్దరూ చేయండి. ఎవరి పని బాగుంటే వాళ్ళకే" అన్నారు నాన్న.

నాకది వెన్నతో పెట్టిన విద్య. ఇంట్లో నాన్నమ్మకి చేతిమగ్గం ఉండేది, ఆవిడ పక్కనే కూర్చుని నేర్చుకున్నాను.

షెడ్డులో అందరూ చుట్టూ నిలబడ్డారు. మరదలు చిన్న కొక్కెంతో నాడె కన్నంలోంచి పోగు లాగడానికి తంటాలు పడుతోంది. నాకు నవ్వొచ్చింది. నాన్నమ్మలాగే నాడె నోటికి ఆనించి గట్టిగా ఊపిరి పీల్చాను. పోగు చటుక్కున వచ్చేసింది. చప్పట్లు కొడతారని తలెత్తి చూశాను.

ఒక్కరూ కదల్లేదు. ముందు వరసలో ఉన్న మేస్త్రీ నేలచూపులు చూశాడు.

"నోరు కడుక్కునిరా" అన్నారు నాన్న మెల్లగా. "నాడెలకి నోళ్ళు పెట్టబట్టే ఒకరి రోగం ఒకరికి అంటుకుని ఇక్కడ చాలామంది పోయారు. తాతయ్యే ఆ అలవాటు మాన్పించారు. నాన్నమ్మ నాడె ఆవిడొక్కతే వాడేది, ఇక్కడ ఒక్కో నాడె ఎన్ని చేతులు మారుతుందో. రోజూ లోపలికొచ్చేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు."

"నన్ను రానిచ్చారా మీరు?" అన్నాను.

మరదలు తన పని ఆపేసింది.

"మామయ్యా, వదినకి ఎవరూ చెప్పలేదు కదా. ఇంకోసారి చేయనివ్వండి. నాకంటే తనకే బాగా వచ్చు."

దాని మాట ఆయన ఎప్పుడు కాదన్నారు గనక. ఇంకో నాడె, పక్కన కొక్కెం, నా ముందు పెట్టించారు.

చెయ్యి చాపితే చాలు. కానీ నేను మరదలి ముఖంలో ఎగతాళి వెతికాను. కాస్తయినా కనబడితే బాగుండేది. లేదు, నిజంగానే నా కోసం అడిగింది. ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

"నాకక్కర్లేదు" అనేసి బయటికి నడిచాను.

తాళాలు దానికే ఇచ్చారు. ఇప్పుడు భోజనాల దగ్గర కూడా మామాకోడళ్ళకి మిల్లు కబుర్లే. నేను వడ్డిస్తూ వింటాను. చేజేతులా పోగొట్టుకున్నావు, అంత మొండితనమేంటని తమ్ముడు తిట్టాడు. వాడికేం తెలుసు? ఆ నాడె తీసుకోమని నాన్న తనంతట తను ఒక్క మాట అని ఉంటే, కళ్ళకద్దుకుని తీసుకునేదాన్ని.