జోల్వా చుక్క

సూరత్‌లో ఆ రోజు ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక విషయాలను లెక్కలతో కొలిచే పాఠం, మొదటి క్లాసు. సూత్రాలతో భయపెట్టడం ఎందుకని తేజశ్రీ మేడం ఒక ఆటతో మొదలుపెట్టింది. ఇంటి నుంచి కాలేజీ ఎంత దూరమో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో అందరూ ఫోన్లలో నింపారు. తెర మీద ఒక్కొక్కరికీ ఒక్కో చుక్క పడింది. దూరం పెరిగేకొద్దీ నిద్ర తగ్గుతోంది.

ఒక్క చుక్క మాత్రం అన్నిటికీ పైన ఒంటరిగా ఉంది. దూరం ఊరవతలి జోల్వా గ్రామం అంత, నిద్ర ఇరవై నాలుగు గంటలు.

"ఇదెవరిది?" నవ్వుతూ అడిగింది తేజశ్రీ. ఎవరూ చెయ్యెత్తలేదు.

సూరత్‌లోనే బమ్రోలి పేట నుంచి వచ్చే జమున, మేడం కూడా తెలుగావిడే కాబట్టి, తెలుగులో మెల్లగా అంది: "మేడం, జోల్వా నుంచి వచ్చేటోడు శ్రావణ్ ఒక్కడే. మాతోనే అడ్మిషన్ తీసుకున్నడు. క్లాసులు షురూ కాకముందే యాక్సిడెంట్ల పోయిండు."

ఎవరో చేసిన పాడుపని అనుకుని తేజశ్రీ ఆ చుక్కను తీసేసింది. తెర ఒకసారి మిణుకుమంది. చుక్క మళ్లీ అక్కడే ఉంది.

రెండోసారి తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. "అందరినీ కలుపుకుని, చుక్కల మధ్యగా గీత గీద్దాం," అంది.

పడిన గీత ఆ చుక్క వైపు కొద్దిగా లేచింది. జమున బెంచీ మీద పక్కకు జరిగి, ఒకరికి చోటిచ్చింది.